చవక యేది? ప్రియమేది?

పశువుల సంతలో ఎద్దును కొనబోవు రైతును ఎప్పుడైనను నిలిచి చూచితిరా? అతడు మొదట వెల అడుగడు. ఎద్దు చుట్టును తిరుగును. దవడ పట్టి నోరు తెరచి పళ్లు చూచును. అది రెండు పళ్లదో, ఆరు పళ్లదో, కడపళ్లు వచ్చినదో తెలిసికొనును. డెక్కలు చూచును. మెడమీద కాడి పుండు ఉన్నదేమో తడవి చూచును. నాలుగడుగులు నడిపించి కుంటునేమో కనిపెట్టును. వీలైనయెడల అరక కట్టి ఒక చాలు దున్నించును. ఇంత జరిగిన పిమ్మటనే తువ్వాలు క్రింద చేతులు కలిపి దళారితో బేరమాడును. కొమ్ములకు పూసిన రంగును, మెడలోని మువ్వలను చూచి ఎద్దును కొన్నవాడు ఊరిలో ఎవడైనను ఉన్నాడా? ఉన్నయెడల వాని సంగతి మూడు తరములు చెప్పుకొని నవ్వుదురు.

అదే రైతు అదే సంతనాడు పట్టణములో ఫోనుల దుకాణము మెట్లెక్కును. అద్దాల వెనుక వరుసగా మెరయుచున్నవాటిని చూచును. దుకాణములోని కుర్రవాడు, "ఇది కొత్తగా వచ్చింది పెద్దాయనా, అందరూ ఇదే తీసుకుంటున్నారు" అనును. పది నిమిషములలో బేరము ముగియును. ఎద్దు విషయములో అంత జాగ్రత్తగల చేయి ఇక్కడ పదునైదు వేల రూపాయలను ఇంచుమించు కన్నులు మూసికొని లెక్కపెట్టి ఇచ్చును.

ఇందుకు ఆ రైతును నిందింప పనిలేదు. ఎద్దు పళ్లు ఎట్లు చూడవలెనో అతనికి తండ్రి నేర్పెను. ఫోను పళ్లు ఎట్లు చూడవలెనో ఎవరును నేర్పలేదు. అయితే ఇది నేర్పునకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. ఒక వస్తువును చవక అనియు, మరియొకదానిని ప్రియమనియు మనము దేనినిబట్టి చెప్పుచున్నాము? పైకి ఇది లెక్కల ప్రశ్నవలె కనబడును గాని దీని వేరు మనస్సాక్షిలో ఉన్నది. నేను దీనిని నా తప్పువలన నేర్చుకొంటిని గనుక ముందుగా ఆ తప్పునే చెప్పెదను.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన బడులు మూతపడినవి. పాఠములు ఫోనులలోనికి వచ్చినవి. బస్సులు ఆగుచోట ఇడ్లీల బండి పెట్టుకొని పిల్లలను పోషించుకొనుచున్న నా చెల్లెలు అప్పుడు నాయొద్దకు వచ్చి, "అన్నయ్యా, పిల్ల తొమ్మిదో తరగతి. పాఠాలన్నీ ఫోన్లోనేనంట. నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చూసి కొనిపెట్టు" అని చీర కొంగున కట్టిన ఏడువేల రూపాయలు నా చేతిలో పెట్టెను.

నేను దుకాణమునకు పోయి అన్నిటికంటె తక్కువ వెలగలది అడిగితిని. ఆరువేల ఐదువందలకు ఒకటి దొరికెను. మిగిలిన ఐదువందలను తిరిగి చెల్లెలి చేతిలో పెట్టినప్పుడు నా మనస్సులో ఎంత అతిశయముండెనో ఇప్పుడు చెప్పుటకు సిగ్గగుచున్నది. నేను పొదుపరిని అని నాకు నేనే మెచ్చుకోలు పత్రము వ్రాసికొంటిని.

రెండు నెలలు గడవకముందే ఆ ఫోనులో చోటు చాలకపోయెను. నేటి పాఠము చూడవలెనన్న నిన్నటి పాఠము తుడిచివేయవలెను. పదునాలుగవ నెలలో బ్యాటరీ ఉబ్బి వెనుక మూతను పైకి లేపెను. పట్టణములో మూడు సెల్ దుకాణములు తిరిగితిమి. "ఈ మోడల్‌కు బ్యాటరీ దొరకదండి" అని ముగ్గురును చెప్పిరి. ఒకనాటి సాయంకాలము నేను వారి యింటికి పోవునప్పటికి పిల్ల పొరుగువారి అరుగు క్రింద నిలువబడి, లోపలివారి భోజనములు ముగిసి ఫోను ఖాళీ యగువరకు ఎదురుచూచుచుండెను. నన్ను చూచి, "ఏం లేదు మామయ్యా, ఊరికే నిలబడ్డాను" అనెను. ఆ ఐదువందల రూపాయల పొదుపు ఎవరు చెల్లించిరో ఆ సాయంకాలము నాకు తెలిసినది.

పిమ్మట నా చెల్లెలు పొదుపు సంఘములో అప్పు తీసికొని తొందరలో తానే మరియొకటి కొనెను. వెల తొమ్మిదివేల ఐదువందలు. అదియు మొదటి యేడు బాగుగనే నడిచి, రెండవ యేట ముసలి ఎద్దువలె కూలబడసాగెను. ఈ లోపల ఇడ్లీల బండి యొద్ద డబ్బు ఫోనుద్వారా ఇచ్చువారు ఎక్కువైరి. ఒకనాటి ఉదయమున ఎప్పుడును వచ్చు ఆటో నడుపు మనుష్యుడు తిని, "వేశానమ్మా" అని లేచెను. ఫోను చిక్కుకొనిపోయి ఏమియు చూపలేదు. బండిచుట్టు పదిమంది ఉండిరి. నా చెల్లెలు విసుగుతో, "రాలేదయ్యా, రోజూ ఇదే మాటైతే ఎలా?" అనెను. అతడు మాటాడక జేబులోనుండి నలుబది రూపాయలు తీసి బండిమీద పెట్టి పోయెను. అతడు మొదట పంపిన డబ్బు వచ్చినట్లు ఆ రాత్రి కనబడెను. వారమురోజులు అతడు ఆ వైపునకు రాలేదు. నా చెల్లెలు అతని యింటికి పోయి క్షమాపణ అడుగవలసి వచ్చెను.

ప్రియ చదువరులారా, నాసిరకపు పనిముట్టు మన డబ్బును మాత్రమే తినదు. అది పిల్లను పొరుగువారి అరుగు క్రింద నిలువబెట్టును. నిజాయితీగలవానిని దొంగగా చూపించును. ఇక చవక అను మాటకు అర్థమేమి?

ఇప్పుడు లెక్క చూతము. మొదటి ఫోను 6,500 రూపాయలు; పనిచేసినది 14 నెలలు. భాగించి చూచిన నెలకు ఇంచుమించు 464 రూపాయలు పడినది. రెండవది 9,500 రూపాయలు; 24 నెలలు; నెలకు ఇంచుమించు 396. 2023లో ఇద్దరమును కూర్చుండి, విచారించి, మూడవదానిని 13,500 రూపాయలకు కొంటిమి. దానికి నాలుగేండ్ల భద్రతా అప్‌డేట్లు ఇచ్చెదమని తయారీదారు మాట యిచ్చెను. అది 48 నెలలు నడిచినను నెలకు 281 రూపాయలే. నడుమ పదునైదువందలు పెట్టి బ్యాటరీ మార్చినను నెలకు 313 దాటదు. మొదటి రెండింటికంటె ఎక్కువ వెలపెట్టి కొన్నదే మూడింటిలో చవకైనది. వెలచీటిమీది అంకె వస్తువు ధర కాదు. అది ధరలో సగపు మాట మాత్రమే. మిగిలిన సగము "ఎన్ని నెలలు?" అను ప్రశ్న.

అట్లయితే ఎంత ఎక్కువ వెల పెట్టిన అంత మంచిదా? కాదు. మా అన్నగారి కుమారుడు 36,000 రూపాయల ఫోనును వాయిదాలమీద కొనెను. "వడ్డీ లేదు బాబాయ్, ఊరికే ఇస్తున్నారు" అనెను. ఊరకే అప్పిచ్చువాడు ఈ లోకములో ఎక్కడ నున్నాడు? సున్నా శాతము వడ్డీ అనునది అసలు లేనేలేదని రిజర్వు బ్యాంకు 2013వ సంవత్సరములోనే బ్యాంకులకు వ్రాసెను. ఆ వడ్డీ రొక్కమిచ్చువానికి దొరకు తగ్గింపు మనకు దొరకకపోవుటలోనో, మరియొక రుసుము పేరిటనో దాగియుండును. అతడు రెండేండ్లు నిండగానే స్నేహితులందరు మార్చిరని తానును మార్చెను. నెలకు 1,500 రూపాయలు! ఆ ఫోనులో లోపమేమియు లేదు. లోపము పొరుగింటి పుల్లకూర రుచిలో నున్నది.

నేనును మా అన్నగారి కుమారుడును ఒకరికొకరము వ్యతిరేకులమని తలంచితిమి. నేను పిసినారి, అతడు ఆడంబరుడు. కాని మా ఇద్దరి తప్పు ఒకటే. ఇద్దరమును కొనునాటిని మాత్రమే చూచితిమి. తక్కువకు కొంటినని చెప్పుకొనుట నా సంతోషము. గొప్పది కొంటినని చూపుకొనుట అతని సంతోషము. ఆ ఫోనుతో నడువవలసిన వెయ్యి దినములను ఇద్దరిలో ఎవరమును తలంచలేదు. వస్తువును కొనుట ఒకనాటి పని కాదు. దానిని వాడు ప్రతి దినమును మనము దానిని కొనుచునే యుందుము.

ఇక ఫోనుకు పళ్లు చూచుట ఎట్లు? నాలుగు సంగతులు చెప్పెదను.

మొదటిది, మన అవసరము. ఎద్దును చూచుటకు ముందు పొలమును చూచుకొనవలెను. రెండెకరముల మెట్టకు కావలసిన ఎద్దు వేరు, రాళ్లబండి లాగు ఎద్దు వేరు. నాకు ఫోను దేనికి? మాటాడుటకా, డబ్బు పుచ్చుకొనుటకా, పిల్లల చదువునకా, దూరదేశమందున్న కుమారుని ముఖము చూచుటకా? ఒక కాగితముమీద వ్రాసికొనుడి. వ్రాసినప్పుడు మనకే ఆశ్చర్యము కలుగును, ఎంత కొంచెము కావలెనో! మాటాడుటయు అప్పుడప్పుడు డబ్బు పంపుటయు మాత్రమే అవసరమైన వృద్ధులకు బటన్ల ఫోను చాలును. అట్టి ఫోనునుండియు డబ్బు పంపుటకు యు.పి.ఐ. 123పే అను ఏర్పాటు 2022 మార్చిలో వచ్చెను. అవసరము లేని ఫోనును కొనకుండుటకంటె చవక బేరము లేదు.

రెండవది, వయస్సు. ఇదియే అసలు పళ్లు చూచుట. ఎద్దు వయస్సు నోటిలో నున్నది; ఫోను వయస్సు దాని విడుదల తేదీలో నున్నది. చెరువు గట్టుకు ఎండ్రకాయలు బొరియలు చేయునట్లు, ఫోను నడపు ఏర్పాటులో దొంగలు దూరదగిన కంతలు ఎప్పటికప్పుడు బయలుపడుచుండును. తయారీదారు పంపు భద్రతా అప్‌డేటు ఆ బొరియలను పూడ్చు మట్టితట్ట. మట్టి వేయుట మానిన మరునాడే గట్టు తెగదు. కాని బ్యాంకు డబ్బు నడచు ఫోనుకు కావలివాడు లేకుండుట మంచిది కాదు. కొన్నాళ్లకు కొత్త అప్లికేషనులును దానిలో నడువ నిరాకరించును.

కావున, "దీనికి ఎన్నేండ్లు అప్‌డేట్లు వచ్చును? ఆ ఏండ్లు ఎప్పటినుండి లెక్క?" అని అడుగుడి. ఇక్కడనే చాలమంది మోసపోవుదురు. ఆ ఏండ్లు సాధారణముగా ఆ మోడలు మొదట విడుదలయైన నాటినుండి లెక్కింపబడును గాని మనము కొన్ననాటినుండి కాదు. పండుగకు సగము వెలకే వచ్చినదని సంతోషించు ఫోను రెండేండ్ల క్రిందట విడుదలయైనదైతే, దానికి మాట యిచ్చిన నాలుగేండ్లలో రెండు గడచిపోయినవి. అది కడపళ్లు వచ్చిన ఎద్దు. తెలిసి, తగిన వెలకు కొనినయెడల తప్పులేదు. కోడెదూడ అనుకొని కొనినయెడల నష్టము. ఈ విషయమున కాలము కొంత మేలైనది. గూగుల్ సంస్థ 2023లో తన పిక్సెల్ 8 ఫోనుకును, శాంసంగ్ సంస్థ 2024లో తన ఎస్24 ఫోనుకును 7 ఏండ్ల అప్‌డేట్లు ఇచ్చెదమనెను. అవి ధనవంతుల ఫోనులు. అయితే అదే 2024లో శాంసంగ్ గెలాక్సీ ఏ16 అను సామాన్యుల ఫోనుకు 6 ఏండ్లు ఇచ్చెదమని చెప్పెను. పేరు చూచి కొనుడని నేను చెప్పుటలేదు. అడుగదగిన ప్రశ్న ఇప్పుడు సామాన్యుల దుకాణములోను అడుగదగినదే అని చెప్పుచున్నాను.

మూడవది, బ్యాటరీయు మరమ్మతును. లిథియం అయాన్ బ్యాటరీని మనుష్యులకిచ్చిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమానము లభించెను. అంతటి గొప్ప వస్తువైనను అది అరుగు వస్తువే. కొన్ని వందలసార్లు నింపి ఖాళీచేసిన పిమ్మట దాని బలము తగ్గును. ఎండయు వేడియు దానికి శత్రువులు. పొయ్యి ప్రక్కను, ఎండలో బండి సీటుమీదను పెట్టిన ఫోను త్వరగా ముసలిదగును. బ్యాటరీ అరిగినంతమాత్రమున ఫోను చచ్చినదని తలంపరాదు. 2017 డిసెంబరులో ఆపిల్ సంస్థ, అరిగిన బ్యాటరీగల పాత ఫోనుల వేగమును తాను తగ్గించుచున్నానని ఒప్పుకొనవలసి వచ్చెను. జనుల కోపము చూచి బ్యాటరీ మార్పుడు వెలను 79 డాలర్లనుండి 29 డాలర్లకు దించెను. ఫోను ముసలిదైనదనుకొన్న ఎందరికో దానికి కావలసినది కొత్త బ్యాటరీ మాత్రమే. నాడా ఊడిన ఎద్దును కసాయివానికి అమ్ముదుమా? కావున కొనుటకు ముందే దగ్గర పట్టణములో ఆ సంస్థ సర్వీసు కేంద్రమున్నదా, ఆ మోడలుకు బ్యాటరీయు డిస్‌ప్లేయు దొరకునా అని విచారించుడి. నేను ఈ ఒక్క ప్రశ్న అడిగియుండినయెడల నా మేనకోడలు ఆ అరుగు క్రింద నిలువబడియుండదు. ఉబ్బిన బ్యాటరీని మాత్రము నొక్కకుడి, చార్జింగుకు పెట్టకుడి; అది నిప్పుతో చెలగాటము.

నాలుగవది, లోపలి చోటు. ధాన్యము పెట్టుకొను గాదె చిన్నదైన పంట ఎంత పండి ఏమి లాభము? ఫోను తన సొంత ఏర్పాటునకే చాల చోటు తీసికొనును. నాలుగేండ్లు వాడదలచినవారు ఇప్పటి కాలమున 128 జి.బి.కి తక్కువ కొనకుండుట మేలు. పనిచేయు ర్యామును కూడ చూడుడి. "8 జి.బి. కాదు, 16 జి.బి." అని పెట్టెమీద వ్రాసియున్నయెడల, ఆ రెండవ ఎనిమిది గాదెలోనుండి అరువు తెచ్చినదేమో అడుగుడి. అరువు ర్యాము అసలు ర్యాముతో సమానము కాదు.

ఇక కొమ్ముల రంగులు, మెడలోని మువ్వలు. వెనుక మూడు నాలుగు కెమెరాలు కనబడినను వాటిలో ఒకటే నిజముగా పనికి వచ్చునది కావచ్చును. తగ్గింపులు, పండుగ బహుమానములు అనునవి కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ అన్న సామెతకు చెందినవి. కొసరు పెద్దదైనకొలది అసలును మరింత జాగ్రత్తగా చూడవలెను.

ఇక్కడ ఒక సహోదరి నన్ను ఆపి అడుగవచ్చును: "అయ్యా, మీ లెక్క బాగానే ఉంది. నెలకు 281 అయితే నాకూ ఇష్టమే. కానీ 13,500 ఒక్కసారి ఎక్కడ తేను?" ఈ ప్రశ్నకు తలవంచవలసినదే. బీదవాని కష్టములో ఒక భాగమిదే. ఒక్కసారిగా పెట్టుటకు చేతిలో లేనందున అతడు మాటిమాటికి పెట్టి, మొత్తముమీద కలవానికంటె ఎక్కువ చెల్లించును. బియ్యము బస్తాగా కొనువానికి ఒక వెల, పొద్దుటికి పొద్దు పావుశేరు కొనువానికి ఒక వెల. పొదుపు చేయుటకును కొంత పెట్టుబడి కావలెను. ఈ సంగతి తెలియని పొదుపు బోధ క్రూరమైన బోధ. లేనివానితో "మంచిది కొనకపోయితివేమి?" అనుట నేను ఎన్నడును చేయను.

అయినను దారులు లేకపోలేదు. మొదటిది, ఉన్నదానినే మరికొంతకాలము నడిపించుట: అనవసరపు వీడియోలు తుడిచి, బ్యాటరీ మార్చి, పౌచ్ వేసి, ఆ లోపల నెలకు కొంత ప్రక్కన పెట్టుట. కొన్న పిమ్మట ఇతరులకు వాయిదా కట్టుటకు మారుగా కొనుటకు ముందే మనకు మనమే వాయిదా కట్టుకొనుట. రెండవది, వాడిన మంచి ఫోను. చౌకరకపు కొత్తదానికంటె, మంచిరకపు రెండవచేతి ఫోను అనేకసార్లు మేలు. కాని అప్పుడు మరింత గట్టిగా పళ్లు చూడవలెను. రసీదు అడుగుడి. సెట్టింగులలో "ఫోను గురించి" అనుచోట భద్రతా అప్‌డేటు ఏ నెలదో చూడుడి. *#06# అని నొక్కినయెడల పదునైదు అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కనబడును. అది దొంగసొత్తని నిలుపుదల చేయబడినదో లేదో ప్రభుత్వము 2023 మేలో ఆరంభించిన సంచార్ సాథీలో తెలిసికొనవచ్చును. తక్కువకు వచ్చునని దొంగసొత్తును తెలిసి కొనుట చవక కాదు. అది మరియొకని కన్నీరు. మూడవది, సహాయము. మనలో నాలుగు అక్షరములు వచ్చినవారు, దుకాణమునకు ఒంటరిగా పోవు వృద్ధునితోను, విధవరాలితోను కూడ వెళ్లి ఈ నాలుగు ప్రశ్నలు అడుగుట ఎంత పని? ఒక మధ్యాహ్నపు పని. ఇతరుల సొమ్ము మన చేతిలో నున్నప్పుడు మనము గృహనిర్వాహకులము. వారి అవసరమును చూడవలెను గాని, మన పొదుపు కీర్తిని కాదు. నేను తప్పినది అక్కడనే.

భారమంతయు కొనువానిమీదనే వేయుట న్యాయమా? కాదు. ఎక్కువకాలము నిలుచు వస్తువును చేయవలసిన బాధ్యత చేయువానిది. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20నుండి తన దేశములలో కొత్తగా అమ్మకమునకు వచ్చు స్మార్ట్‌ఫోనులకు ఒక చట్టము అమలుచేసెను. 800 సార్లు నింపిన పిమ్మటను బ్యాటరీలో 80 శాతము బలము మిగిలియుండవలెను. ఆ మోడలు అమ్మకము ఆగిన పిమ్మటను కనీసము 5 ఏండ్లు అప్‌డేట్లు ఇయ్యవలెను, 7 ఏండ్లు ముఖ్యమైన విడిభాగములు దొరకునట్లు చూడవలెను. మనుష్యులు గట్టిగా అడిగినయెడల సంస్థలు వినునని దీనివలన తెలియుచున్నది. మన దేశములోను ప్రభుత్వము 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టలును ఆరంభించెను. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 అను నంబరున్నది. అడుగుట తగవు కాదు. అడుగకుండుట అణకువయు కాదు.

మనము త్వరగా పారవేయు ఫోనుకు మన యింటివారే కాక, మనము చూడనివారును వెల చెల్లించుచున్నారు. బ్యాటరీలలో వాడు కోబాల్టు లోహములో లోకమందు త్రవ్వబడుదానిలో ఎక్కువ భాగము ఆఫ్రికాలోని కాంగో దేశమునుండి వచ్చును. అక్కడ చేతి పలుగులతో త్రవ్వువారిలో పిల్లలును ఉన్నారని అనేకులు సాక్ష్యమిచ్చిరి. 2022వ సంవత్సరము ఒక్కదానిలోనే లోకమంతట 6 కోట్ల 20 లక్షల టన్నుల విద్యుత్ పరికరములు చెత్తయైనవనియు, వాటిలో నాలుగవవంతుకంటె తక్కువ మాత్రమే సరియైన పద్ధతిలో సేకరింపబడినదనియు ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో తెలిపెను. నాలుగేండ్లు వాడగల ఫోనును రెండేండ్లకే మార్చువాడు ఆ గనిలో మరియొక తట్ట మన్ను త్రవ్వించుచున్నాడు. అతడు చెడ్డవాడని కాదు. అతనికి ఆ తట్ట కనబడదు. కనబడనిదానిని జ్ఞాపకము చేసికొనుటయే మనస్సాక్షి పని.

చివరగా ఒక సందేహము. ఒక వస్తువునుగూర్చి ఇంత ఆలోచించుట మంచిదేనా? ఇది కూడ వస్తువులకు దాస్యము చేయుట కాదా? నేనును చాల దినములు అట్లే తలంచితిని. కాని నా చెల్లెలి యింట చూచినది వేరు. మొదటి రెండు ఫోనులున్న మూడేండ్లలో ఆ యింట ఫోను మాట రాని దినము లేదు. చోటు లేదనియు, చార్జింగు నిలువదనియు, డబ్బు వచ్చెనో రాలేదో అనియు నిత్యము అదే గొడవ. ఒకనాడు సరిగా ఆలోచింపనివాడు ప్రతిదినము ఆలోచింపవలసివచ్చును. ఒకసారి నెమ్మదిగా ఆలోచించుట, మరల ఆలోచింప పనిలేకుండుటకే.

మూడవ ఫోనుకు ఇప్పటికి రెండేండ్లు దాటినవి. అద్దముమీద ఒక గీత పడినది. నాలుగేండ్లు నిండువరకు దానినిగూర్చి తీర్పు చెప్పుటకు నాకు అధికారము లేదు. కాని మొన్న నేను బండియొద్ద కూర్చుండియుండగా, ఆ ఆటో మనుష్యుడు తిని లేచి, "వేశానమ్మా" అనెను. ఫోను బండి అంచున నుండి వెంటనే ఆ సంగతి పలికెను. నా చెల్లెలు దానివైపు చూడనైనను చూడలేదు. అతనివైపు చూచి, "పిల్లాడికి జ్వరం తగ్గిందా తమ్ముడూ?" అని అడిగెను.

నాకు చాలినది. మంచి ఎద్దు ఉన్న రైతు దారిలో ఎద్దును చూడడు, చేనును చూచును. మంచి పనిముట్టు తనవైపు మన కన్నులను త్రిప్పుకొనదు. మనుష్యునివైపు మనలను విడిచిపెట్టును. అది ఎంత వెల పెట్టి కొన్నదైనను చవకయే. రేయింబవలు తన్నే చూడుమని మనలను పీడించునది ఉచితముగా వచ్చినను ప్రియమే. ఈసారి దుకాణము మెట్లెక్కునప్పుడు, చదువరీ, నీ తండ్రి సంతలో ఎట్లు నిలువబడెనో జ్ఞాపకము చేసికొనుము. తొందరపడకుము. చుట్టు తిరుగుము. పళ్లు చూడుము.